టైర్లు వేడెక్కలేదు సార్

స్పోర్ట్స్ కారు కొన్నవాడు మొదటి ఆరు నెలలు కారును చూసుకుని మురిసిపోతాడు. ఏడో నెలలో చూపు టైర్ల మీద పడుతుంది. ఇక అతన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

అతని కంటికి ఆనేది ట్రాక్ టైరు, అంటే సెమీ స్లిక్. చాళ్లు తియ్యడం మొదలుపెట్టినవాడు మధ్యలో భోజనానికి వెళ్లి తిరిగి రాలేదేమో అనిపించేలా ఉంటుంది దాని వాలకం. మధ్యలో రెండు మూడు చాళ్లు, భుజాల దగ్గర నున్నటి బోడితనం. పాత కారుకు టైర్లు ఇలా కనిపిస్తే వెంటనే మార్చమంటారు. ఇక్కడ కొత్తవే ఇలా వస్తాయి, పైగా ధర ఎక్కువ.

పక్కగోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. ప్రమాణంగా పెట్టుకున్న టైరుది 100, దానికి రెట్టింపు మన్నితే 200. మామూలు టైర్ల మీద 300, 400 కనిపిస్తాయి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 మీద 180, టోయో ఆర్888ఆర్ మీద 100, పిరెల్లీ ట్రోఫియో ఆర్ మీద 60. ఈ మార్కులు ఎవరికి వారే వేసుకుంటారు కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో గట్టిగా పోల్చలేం. మన కారాయనకు ఆ గొడవేమీ లేదు. మార్కులు తక్కువైతే పట్టు ఎక్కువని అన్నిటికన్నా తక్కువ మార్కులొచ్చినవాణ్ణి ఏరి ఇంటికి తెచ్చుకుంటాడు.

సైజు దగ్గర ఇంకో కోరిక పుడుతుంది. ముందు చక్రాలకు 245/35 ఆర్19 ఉన్నాయి. "ఎలాగూ మారుస్తున్నాం, 265 వేసేద్దాం. ఇరవై మిల్లీమీటర్లేగా!" ఆ 35 అనేది పక్కగోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెప్పే అంకె అని గుర్తుండదు. వెడల్పు పెరిగితే పక్కగోడ ఎత్తూ పెరుగుతుంది: 85.75 మి.మీ. కాస్తా 92.75. కిందా మీదా కలిపి చక్రం వ్యాసం 14 మి.మీ. పెరిగింది. ఆ సంగతి పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు తెలుస్తుంది, వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ బర్రుమన్నప్పుడు.

బిగించడం వేరే ప్రహసనం. ఈ టైర్ల పక్కగోడలు మహా మొండివి. బలవంతం చేస్తే రిమ్ముకు గీత పడుతుంది, లేదా వాల్వు వెనక కూర్చున్న ప్రెషర్ సెన్సారు పుటుక్కుమంటుంది. చెయ్యి తిరిగిన మెకానిక్ అంచుకు పేస్టు దండిగా రాసి, సెన్సారు జోలికి పోకుండా ఎక్కిస్తాడు. గాలి పడుతుంటే అంచు ఠప్పుమని రిమ్ములో కూర్చోవాలి. ఒత్తిడి 40 పీఎస్‌ఐకి చేరేదాకా కూర్చోకపోతే గాలి తీసేసి మళ్లీ పేస్టు రాయాలి, ఇంకా ఎక్కించడం ప్రాణాంతకం. ఆ ఠప్పుకు కారాయన ఎగిరిపడి, ఎవరూ చూడలేదని నిర్ధారించుకుని, "బాణం గుర్తు చూసే వేశావా?" అని గద్దిస్తాడు. చూసే వేశాడు.

"పాతవి ఇంటికి పంపమంటారా సార్?"

"వాటితో ఇక నాకేం పని? నువ్వే ఉంచుకో."

మెకానిక్ ఏమీ అనడు. నాలుగూ మూలన పేర్చి, సుద్దముక్కతో ఏదో రాసుకుంటాడు.

తర్వాత గాలి. ట్రాక్‌కు వెళ్లేవాళ్లు చల్లటి టైరులో 25 పీఎస్‌ఐ పెడతారని కారాయన ఎక్కడో చదివాడు. నిజమే, పెడతారు. నాలుగైదు ల్యాపులు తిరిగేసరికి లోపలి గాలి వేడెక్కి 32కు చేరుతుంది, వాళ్లకు కావలసింది ఆ 32. రోడ్డు మీద రెండు మూడు పెరిగి అక్కడే చతికిలబడుతుంది. తలుపు పక్కన స్టిక్కరు మీద ఉన్నది 36. అంటే ముప్పై శాతం లోటు. డాష్‌బోర్డు మీద పసుపు రంగు హెచ్చరిక దీపం వెలుగుతుంది. "దీనికి ట్రాక్ సంగతులు తెలీవు" అని దీపాన్ని క్షమించేస్తాడు.

క్యాంబర్‌ను, అంటే చక్రం నిలువుగా కాక పక్కకు వాలే కోణాన్ని, మైనస్ 3 డిగ్రీలకు వంచడమూ అదే ఊపులో అయిపోయింది. క్యాంబర్ కదిపితే టో కూడా, అంటే చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం కూడా, జరుగుతుంది. తిరిగి సరిచెయ్యకపోతే టైరు లోపలి అంచును గీకి తినేది ఎక్కువగా ఆ టోనే, నింద మాత్రం క్యాంబర్‌కు.

బండి రోడ్డెక్కింది. రబ్బరు మెత్తనిది, దారిలో కనిపించిన ప్రతి గులకరాయినీ ఎత్తుకుని ఆర్చ్‌లోకి విసురుతుంది. టక టక టకాటక్.

"ఏవండీ, ఏదో ఊడిపోతోంది."

"అది గ్రిప్పు శబ్దం."

అన్నాడే గానీ రెండు చోట్ల ఆపి, వంగి, చక్రం నట్లు తడిమి చూసుకున్నాడు. యాభై, వంద కిలోమీటర్ల తర్వాత టార్క్ రెంచితో బిగింపు సరిచూడడం మంచి అలవాటే. వేళ్లతో తడిమితే మాత్రం వేళ్లు నల్లబడతాయి, అంతే.

మొదటి మలుపులో ముక్కు తిరగలేదు, తిన్నగా జారింది. ఈ రబ్బరును 80 నుంచి 100 డిగ్రీల దగ్గర అతుక్కునేలా కలిపారు. రోడ్డు మీద మర్యాదగా నడిపితే అందులో సగానికి కాస్త అటూ ఇటూ, అంతకు మించి రాదు. కారాయనకు రేసుకు ముందు కార్లు పాములా మెలికలు తిరగడం గుర్తొచ్చింది. తానూ తిరిగాడు. నిజానికి మెలికల వల్ల వచ్చే వేడి కొంచెమే. గట్టి బ్రేకూ గట్టి యాక్సిలరేటరూ అసలు పని చేస్తాయి, బ్రేకు డిస్కుల వేడి రిమ్ములోంచి టైరుకు పాకుతుంది. అది వివరించేవాళ్లు ఎవరూ దొరకలేదు. వెనకనుంచి పోలీసు బండి దొరికింది.

"ఏంటిది?"

"టైర్లు వేడెక్కలేదు సార్."

"కారణం బాగుంది. ముందు ఇందులో ఊదండి."

ఊదాడు. సున్నా వచ్చింది. పోలీసాయన మీటరును అనుమానంగా చూసి, కొట్టి, మళ్లీ ఊదించాడు.

అంతలో చినుకులు. నీటి మీద టైరు తేలిపోయే వేగానికి, చాళ్లు నీటిని ఇక తోడలేని స్థితిలో, విమానం టైర్ల పరీక్షల్లోంచి నాసా వాళ్లు తీసిన పాత సూత్రమొకటుంది. కార్లకు అది ఉజ్జాయింపే. దాని లెక్కన 36 పీఎస్‌ఐకి గంటకు దాదాపు 100 కి.మీ., 25కు 83. ఉన్న చాళ్లు రెండు మూడు, గాలి 25. కారాయన ఈ లెక్క వెయ్యలేదు. మొదటి నీటిమడుగులో స్టీరింగు దూదిలా తేలికైపోయేసరికి వేసినంత పనైంది. బ్రేకు తొక్కకుండా, స్టీరింగు తిప్పకుండా, మెల్లగా యాక్సిలరేటరు వదిలాడు. చెయ్యాల్సింది అదే. తెలిసి చేశాడో, కాళ్లూ చేతులూ ఆడక చేశాడో చెప్పలేం. అక్కణ్ణుంచి ఇల్లు చేరేదాకా నలభై దాటలేదు. డ్రైవింగ్ స్కూలు కారొకటి హారన్ కొట్టి మరీ దాటిపోయింది.

ఇంటి ముందు ఆపి, దిగి, టైరు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. కుండలో నీళ్లంత చల్లగా ఉంది. ఫోన్ తీశాడు.

"ఏమయ్యా, ఆ పాత టైర్లు... ఎవరికైనా ఇచ్చేశావా?"

"లేదు సార్. మీ బండి నంబరు రాసి ఉంచాను. రేపు పొద్దున పదింటికి రండి."