బావగారింట్లో కడక్‌నాథ్

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగువాళ్లకు నలభయ్యో ఏడు దాటగానే భూమి మీద మమకారం పుట్టుకొస్తుంది. శనివారం పొద్దున్నే కారు తీసుకుని హొసకోటె దాటి వెళ్లడం, ఎవరిదో తోటను గేటు బయట నిలబడి చూసి రావడం, సోమవారం ఆఫీసులో సేంద్రియ ఎరువుల గురించి ఉపన్యసించడం దీని తొలి లక్షణాలు. మా బావగారిలో ఇవి తగ్గకపోగా ముదిరి, చివరకు ఆన్‌లైన్లో కడక్‌నాథ్ కోడిపిల్లలకు ఆర్డరు పెట్టేదాకా వెళ్లాయి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు జాతి అది; ఈకలూ చర్మమే కాదు, మాంసమూ ఎముకలూ కూడా నల్లగా ఉంటాయి; 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. పిల్లలు కాస్త పెరిగాక చింతామణి దగ్గర మా పెద్దమ్మగారి మామిడితోటకు పంపాలన్నది ఏర్పాటు. అంతవరకూ అవి వర్తూరులోని మూడో అంతస్తు ఫ్లాటులో, వాషింగ్ మెషిన్ పక్కన, తన కళ్లముందే ఉండాలన్నది బావగారి పట్టుదల.

మా అమ్మ మదనపల్లె పక్క పల్లెలో ఏళ్ల తరబడి కోళ్లను పెంచిన మనిషి. "నిన్నా మొన్నా పుట్టిన పిల్లల్ని పెట్టెలో పెట్టి పంపితే బతుకుతాయా నాయనా?" అని ఒకే ఒక్క మాట అడిగింది. బావగారు ల్యాప్‌టాప్ మూసి మరీ వివరించారు. గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుందనీ, ఆ సొన ఆధారంగా సుమారు 72 గంటల పాటు తిండీ నీళ్లూ లేకుండా ఉండగలదనీ, ఆ ధైర్యంతోనే అమెరికాలో 1918 నుంచీ కోడిపిల్లలను తపాలాలో పంపుతున్నారనీ చెప్పారు. చెప్పినవన్నీ నిజమే. కాకపోతే ఆ 72 గంటలు పిల్ల ఓపికకు చివరి హద్దు. పార్శిల్ వాళ్లకు మనం ఇచ్చే గడువు కాదు. ఈ తేడా బస్సు డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు.

పొద్దున్నే రావలసిన బస్సు దారిలో చెడిపోయి, సాయంత్రానికి కలాసిపాళ్యం చేరింది. పార్శిల్ గుమాస్తా రసీదు మీద సంతకం, సంతకం కింద ఫోన్ నంబరు, నంబరుకు వచ్చిన ఓటీపీ తీసుకునేదాకా పెట్టె మీద చెయ్యి వేయనివ్వలేదు. లోపల ప్రాణాలున్నాయని బావగారు బతిమాలితే, "అందుకే సార్, సరైన మనిషికే ఇవ్వాల" అన్నాడు. అక్కడి నుంచి వర్తూరుకు డిసెంబరు చలిలో, సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్ మీదుగా పట్టిన సమయాన్ని గురించి బెంగళూరు పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇంటికి తెచ్చి మూత తీశాం. ఇరవై అయిదు పిల్లలకు డబ్బు కడితే, దారిలో పోయే వాటికి బదులుగా హేచరీ వాళ్లు మరో రెండు కలిపి ఇరవై ఏడు పంపారు. వాళ్ల లెక్క తప్పలేదు, రెండు పోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం లేచి నిలబడి, కొత్త మనుషులను చూసి గోల పెట్టాయి. గోల పెట్టేవాటితో చిక్కు లేదు. ఆరు మాత్రం మూలన రెక్కలు వాల్చేసి, కళ్లు మూసుకుని, మెడ అట్ట మీదికి ఆన్చి పడున్నాయి. నల్లటి నూగు మీద బూడిదరంగు చారలతో ఉన్న ఒక పిల్లను అమ్మ అరచేతిలోకి తీసుకుంది. దాని కాళ్లు చల్లగా ఉన్నాయని నాకూ తాకించి చూపింది.

అలసిపోయిన కోడిపిల్లకు ముందు వెచ్చదనం కావాలి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత తిండి, వీటన్నిటితో పాటు చుట్టూ కాస్త నెమ్మది. మొదటి మూడూ ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. నాలుగోది మాత్రం, ప్రతి ఒక్కరి చేతిలో ఫోనూ, ఫోనులో వీడియోలూ ఉన్న ఇంట్లో దొరకడం దుర్లభం.

వెచ్చదనం బాధ్యత బావగారు ముందే తీసుకున్నారు. పెద్ద అట్టపెట్టె మీద కొత్త తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేలాడదీశారు. వెలుగు పెళ్లిమండపాన్ని మించి వచ్చింది; వేడి మాత్రం లేదు. పాతకాలపు ఫిలమెంటు బల్బు కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగానే తగలేస్తుంది కాబట్టి కోళ్లఫారాలకు పనికొస్తుంది, ఎల్‌ఈడీ ఆ పని చేయదు. కాబట్టి పిల్లలు మంచి వెలుతురులో వణికాయి. ఇది చూసి తట్టుకోలేక మా అక్క హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఆన్ చేసింది. ఆ హోరుకు పందొమ్మిది పిల్లలూ ఒకే మూలకు పరిగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. చలికి గానీ భయానికి గానీ పిల్లలు అలా కుప్పపడితే అడుగున ఉన్నవాటికి ఊపిరాడదు. బతికి వచ్చినవి ఆ కుప్పలోనే పోతాయి.

"మీరంతా కాస్త అవతలికి జరగండి నాయనా" అని అమ్మ అందరినీ తలుపు బయటికి పంపి, రెండు నీళ్ల సీసాల్లో వేడినీళ్లు పోసి, తువ్వాళ్లలో చుట్టి, నీరసంగా ఉన్న ఆరింటినీ వాటి మధ్య చేర్చింది. నన్ను అరవై వాట్ల పాత బల్బు కోసం పంపింది. ఆ బల్బు ఇప్పుడు దుకాణాల్లో అటక మీదికి చేరిన సరుకు. వైట్‌ఫీల్డ్ దాకా తిరిగిన మీదట ఒక ముసలి షాపతను స్టూలెక్కి, దుమ్ము దులిపి ఇస్తూ, "కోడిపిల్లలా?" అని అడిగాడు. ఇంకెందుకూ ఎవరూ కొనడం లేదట.

బల్బు వచ్చాక బావగారు అక్వేరియం థర్మామీటరు పెట్టారు. మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి అన్నది పుస్తకాల లెక్క, సరైన లెక్కే. అయితే ఆయన ఒక్కో డిగ్రీకి బల్బును పైకీ కిందికీ జరపడం, ఆ వివరాలను ఎక్సెల్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. అమ్మ థర్మామీటరు వంక చూడనే లేదు. పిల్లలు బల్బు కింద ముద్దగా చేరి అరుస్తుంటే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి, పెట్టెంతా చెదిరి తమ పని తాము చూసుకుంటుంటే సరిపోయింది. ఎక్సెల్ కూడా రెండు రోజులకు ఇదే తేల్చింది.

నీళ్ల దగ్గర మరో పేచీ వచ్చింది. బావగారు లోతైన స్టీలు గిన్నె పెట్టబోయారు. అందులో పడితే పిల్ల మునుగుతుంది, మునగకపోయినా తడిసి చలికి పోతుంది. అమ్మ కాఫీ సాసరు తీసుకుని, హాల్లో కుండీలో అలంకారానికి వేసిన తెల్లరాళ్లను కడిగి అందులో పరిచి, గోరువెచ్చని నీళ్లలో చిటికెడు బెల్లం కలిపి పోసింది. ఒక్కో పిల్లనూ పట్టుకుని ముక్కు కొస ఒక్కసారి నీళ్లలో తాకించి వదిలింది. తల్లి లేని పిల్లకు నీళ్లెక్కడున్నాయో మనమే చూపాలి. చూపినదాన్ని చూసి మిగతావి నేర్చుకుంటాయి.

పడిపోయిన ఆరింటికి ఆ పద్ధతి చాలదు. బావగారు మందుల దుకాణం నుంచి సిరంజి తెచ్చి, నోరు తెరిచి పోద్దామన్నారు. "గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది అల్లుడుగారూ" అని అమ్మ ఆపి, వేలికొసన ఒక బొట్టు బెల్లపునీళ్లు తీసుకుని పిల్ల ముక్కు పక్కగా, రెండు దవడలూ కలిసే చోట తాకించింది. కాసేపు ఏమీ జరగలేదు. ఆ బొట్టు ముక్కు అంచు వెంబడి జారి లోపలికి పోయింది. సన్నటి నాలుక కదిలింది. పిల్ల తల కొద్దిగా ఎత్తి మింగి, మళ్లీ వాల్చేసింది. అమ్మ రెండో బొట్టు తాకించింది. అలా ఒకదాని తర్వాత ఒకటిగా ఆరింటికీ తాగిస్తూ రాత్రి చాలా పొద్దుపోయేదాకా కూర్చుంది. వాటిలో అయిదు తెల్లారేసరికి నిలబడ్డాయి. ఆరోది నిలబడలేదు.

తెల్లారాక కూడా సాయం చేసేవాళ్లు ఆగలేదు. ఎదురు ఫ్లాటావిడ ఓట్సు తెచ్చింది, కింది ఫ్లాటాయన రాగి బిస్కెట్లు పట్టుకొచ్చాడు. అన్నిటినీ మర్యాదగా అందుకుని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, పిల్లలకు మాత్రం స్టార్టరు దాణా, అది వచ్చేదాకా సన్నటి మొక్కజొన్న రవ్వ వేశాం. బావగారు పెట్టె అడుగున ఇంగ్లీషు దినపత్రిక పరిచారు. నున్నటి కాగితం మీద కాలు నిలవక ఒక పిల్లకు కాళ్లు రెండు పక్కలకూ చీలిపోయాయి. కాగితం తీసేసి గోనెపట్టా పరిచి, సన్నటి ప్లాస్టరు ముక్కతో దాని కాళ్లు రెంటినీ కాస్త ఎడంగా కలిపి అతికిస్తే, రెండు మూడు రోజులు సంకెళ్లతో తిరిగి, ఆపైన మిగతావాటితో కలిసిపోయింది.

ప్రయాణపు బడలిక, చలి కలిస్తే పిల్లలకు రెట్ట వెనక అంటుకుని గట్టిపడి దారి మూసుకుపోతుంది. తీయకపోతే ప్రాణానికే ముప్పు. ఎండినదాన్ని పీకితే చర్మం ఊడివస్తుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో నానబెట్టి, ఓపికగా తుడిచి, ఆరబెట్టి, కొంచెం కొబ్బరినూనె రాయాలి. అమ్మకు నడుంనొప్పి వచ్చి పడుకున్న పూట ఈ పని బావగారికి పడింది. సరిగ్గా అప్పుడే ఆయనకు అమెరికా క్లయింటుతో మీటింగు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కెమెరా ఆపి, మైకు కూడా ఆపానని నమ్మి, ఎడమచేతిలో పిల్లనూ కుడిచేతిలో దూదినీ పట్టుకుని బాత్రూములో కూర్చున్నారు. క్లయింటు వచ్చే మూడు నెలల లక్ష్యాలు చెబుతుండగా బావగారు ఎంతో లాలనగా, "ఓపిక పట్టమ్మా, అంతా బయటికి వచ్చేస్తుంది, ఇంకొంచెమే" అన్నారు. ఆ మీటింగులో తెలుగు వచ్చినవాళ్లు నలుగురున్నారు. మిగిలినవాళ్లకు వాళ్లే తర్జుమా చేసి పెట్టారట.

ఇంతలో అపార్టుమెంటు గ్రూపులో కలకలం మొదలైంది. రాత్రీ పగలూ ఎక్కడో కీచుమంటున్నదనీ, అది పొగను పసిగట్టే అలారంలో బ్యాటరీ అయిపోయిన శబ్దమనీ ఒకరు, కాదు జనరేటరు బెల్టనీ మరొకరు, లిఫ్టులోంచి వస్తున్నదని సంఘం కార్యదర్శి. లిఫ్టు మెకానిక్కును పిలిపించారు. అతను అంతస్తులన్నీ ఎక్కి దిగి, మా తలుపు ముందు ఆగి, చెవి ఆనించి, బెల్లు కొట్టాడు. మదనపల్లె మనిషే. లోపలికి వచ్చి, పెట్టె పక్కన గొంతుకూర్చుని, "అమ్మా, ఇవి చలికి అరిచే అరుపు కాదు, ఆకలి అరుపు, దాణా గిన్నె ఇంకోటి పెట్టండి" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. అలారం శబ్దం సరిచేసినట్టు సంఘం పుస్తకంలో రాశాడు, పాపం.

రెక్కలకు ఈకలు నిండాక ఇరవై నాలుగింటినీ చింతామణికి చేర్చే రోజు వచ్చింది. పార్శిల్ మాట ఎత్తితే బావగారు మండిపడ్డారు. పెద్ద క్యాబు బుక్ చేశారు. ఎండ ఎక్కువగా ఉందని డ్రైవరు ఏసీ వేశాడు. పిల్లలకు చలిగాలి తగలకూడదని అమ్మ ఆపించింది. వెనక సీటులో ఉక్కకు తట్టుకోలేక బావగారు అద్దం దించితే, ఎదురుగాలి పనికిరాదని అమ్మ అదీ ఎత్తించింది. హొసకోటె టోలుగేటు దాటేసరికి డ్రైవరు చొక్కా రెండు గుండీలు విప్పుకుని, ఈ కోళ్లకు టికెట్టు ఎవరు కొన్నారో గానీ సుఖంగా ఉన్నాయని కన్నడంలో తనలో తాను అనుకున్నాడు.