చదివింపుల పద్దు

“ఏకబిగిన చదివించింది.” తెలుగులో అచ్చయిన ఏ పుస్తకానికైనా ఈ మాట సరిపోతుంది. కథల సంపుటికి, శతకానికి, అవసరమైతే రైల్వే టైంటేబులుకి కూడా. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏ ఆదివారం సాయంత్రమైనా ఏదో ఒక హాల్లో ఎవరో ఒక పెద్దమనిషి మైకు రెండుసార్లు తట్టి ఈ మాట అంటూనే ఉంటాడు. ఈమధ్య దానికో తోక కూడా మొలిచింది. “శ్రీకాకుళంలో బస్సెక్కి పుస్తకం తెరిచానండీ, విజయనగరం కాంప్లెక్సులో దిగేసరికి ఆఖరి పేజీలో ఉన్నాను.”

చప్పట్లు.

లెక్క వేద్దాం. డెమ్మీ సైజులో 160 పేజీలు. బాగా చదువు అలవాటున్న మనిషికే పేజీకి రెండు నిమిషాలు. మొత్తం 320 నిమిషాలు, అంటే ఐదు గంటల ఇరవై నిమిషాలు. రణస్థలంలో డ్రైవరు టీ తాగినా, నాతవలస మలుపులో లారీ అడ్డం తిరిగినా ఈ ప్రయాణం రెండు గంటలకి మించదు. ఐదు గంటల ఇరవై నిమిషాలు చదివిన మనిషి హైవే మీద తిన్నగా పోయి అన్నవరం కొండ కింద దిగాలి. చేతిలో ప్రసాదం పొట్లమైనా కనపడాలి. వక్తగారి చేతిలో శాలువా తప్ప ఏమీ లేదు.

ఆయన్ని అనుకుని లాభం లేదు. ఆయన బాకీ తీరుస్తున్నాడు, అంతే. మన పెళ్లిళ్లలో భోజనాల పందిరి పక్కన బల్ల వేసుకుని ఒకాయన కూర్చుంటాడు, అట్ట పుస్తకంలో ‘ఫలానా వారు, 516’ అని రాసుకుంటూ. వాటిని చదివింపులంటాం. రేపు ఆ ఫలానా వారింట్లో పెళ్లయితే ఇదే పుస్తకం తిరగేసి, పద్దు చూసుకుని, అంతకి తగ్గకుండా మనం చదివిస్తాం. తోటివాడి రాతని నలుగురిచేతా చదివించే పాత అలవాటు కూడా ఎప్పుడో ఈ పద్దులోకే మారిపోయింది. నువ్వు నా ముందుమాటలో ‘విశిష్ట కథకుడు’ చదివించావు, నీ ఆవిష్కరణకి నేను ‘అరుదైన కలం’ చదివిస్తాను. వడ్డీ కింద ‘భావితరాలకు కరదీపిక’. పన్నెండు మంది ఉన్న బృందంలో ప్రతివారూ మిగతా పదకొండు మందినీ ఒక్కోసారి మెచ్చుకుంటే 132 మెచ్చుకోళ్లు తయారవుతాయి. బయటినుంచి పాఠకుడొక్కడూ రానక్కర్లేదు. వస్తే కుర్చీలు చాలవని కంగారు కూడా.

ఇంతకీ ప్రశంస ఎక్కడ పుడుతుంది? తెలియనివాళ్లు గుండెలో అనుకుంటారు. డీటీపీ సెంటర్లో పుడుతుంది. పుస్తకాన్ని 16 పేజీల ఫారాల లెక్కన అచ్చేస్తారు. కథలూ విషయసూచికా కలిపి 148 పేజీలు తేలాయనుకోండి. తొమ్మిది ఫారాలకి 144. మిగిలిన నాలుగు పేజీలూ పదో ఫారంలోకి జారతాయి, పన్నెండు పేజీలు ఖాళీ. పని తెలిసినవాడు అక్షరం సైజు అర పాయింటు తగ్గించో, వరసల మధ్య ఎడం కాస్త బిగించో ఆ నాలుగింటినీ వెనక్కి లాగేసి ఒక ఫారం కాగితం మిగుల్చుకుంటాడు. మన రచయిత అలా చెయ్యడు. “పన్నెండు పేజీలు ఖాళీ వస్తన్నాయి సార్” అని ఆపరేటరు అనగానే ఫోను తీస్తాడు. నలుగురు మిత్రులు, తలా మూడు పేజీలు. మూడో పేజీ సగంలో సరుకైపోయిన మిత్రుడికి కింద పాస్‌పోర్టు ఫొటో. మన విమర్శ సాహిత్యంలో కొంత భాగం ఇలా కాగితం వృథా కాకూడదన్న సదుద్దేశంతో వెలువడినదే.

రాయడం కష్టమేం కాదు. విషయసూచిక, మొదటి కథలో మొదటి పేరా, చివరి కథలో చివరి పేరా, వెనక అట్ట. అయిదారు కథల పేర్లు ఏరి ‘మనసుని కలచివేస్తాయి’ అని ముడేస్తే ఒక పేజీ. వస్తువు, శిల్పం, శైలి, పాత్రచిత్రణ అని నాలుగు కుండలు వరసగా పేర్చి అన్నీ నిండాయనేస్తే రెండో పేజీ. మూడోదానికి మట్టి వాసన ఉండనే ఉంది. ఉత్తరాంధ్రలో పుట్టాక మట్టి వాసన తప్పించుకోలేరు. కథంతా హైదరాబాదు ఫ్లాటులో, తొమ్మిదో అంతస్తులో, ఏసీ రిమోటు కోసం మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకోవడం గురించే అయినా సరే, అందులోంచి నాగావళి ఒండ్రు గుప్పుమనాలి. విజయనగరం సభ అయితే చంపావతి.

చిక్కల్లా తొందరలో వస్తుంది. మొదట రాసినాయన పేజీలు అందగానే, నమూనా కోసమని మిగతా ముగ్గురూ అవే తెప్పించుకుంటారు. మూడో కథలో ముసలామె పేరు సూరమ్మ. మొదటాయన చేతిరాతలో అది నూరమ్మ అయింది. ఇక నాలుగు ముందుమాటల్లోనూ ‘నూరమ్మ పాత్ర చిరస్థాయిగా నిలుస్తుంది’. తాళపత్రాలు పరిష్కరించే పండితులు తప్పుల్ని బట్టే ఏ ప్రతికి ఏది నకలో తేలుస్తారు. మన ముందుమాటలకి అంత పాండిత్యం అక్కర్లేదు, ఈ ఒక్క నూరమ్మ చాలు. సూరమ్మ మాత్రం 41వ పేజీలో అలాగే కూర్చుని ఉంది పాపం, చూడ్డానికి ఒక్కరూ వెళ్లలేదు.

సభ ఐదింటికి. అంటే ఆరుంపావుకి. వేదిక మీద పదకొండు కుర్చీలు, కింద తొంభై. కింద నిండినవి పద్నాలుగు, అందులో నాలుగు ఇంటివాళ్లవి. ముందుగా గిడుగు రామమూర్తి గారి పటానికి దండ. ఇక్కడే పర్వతాలపేటలో 1863లో పుట్టి, జనం మాట్లాడే తెలుగులో రాయండర్రా అని జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆ పటం కిందే నిలబడి అధ్యక్షులవారు “ఈ సారస్వత సంరంభమునకు సుకవులెల్లరును విచ్చేయుట కడుంగడు ముదావహము” అని అందుకుంటారు. సవర గిరిజనుల మధ్య తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను మింగి మింగి గిడుగువారికి చెవుడొచ్చింది. ఆ చెవుడు ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది.

తర్వాత శాలువాలు. పక్కనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి, మగ్గం మీద నేసే ఖద్దరు అక్కడ దొరుకుతుంది. ఎండాకాలం మెడ మీద వేసుకుంటే హాయి. దాన్ని ఎవరూ కప్పరు. జరీ అంచు పాలిస్టరు శాలువాయే కావాలి, ఎందుకంటే అది నలగదు, నలగనిది మళ్లీ మడతపెట్టి కవర్లో దూర్చొచ్చు. అనుభవజ్ఞులు ప్లాస్టిక్ కవరు చింపరు, అడుగున మడిచి జేబులో పెట్టుకుంటారు. ఒక్క శాలువాయే రాజాం, బొబ్బిలి, పార్వతీపురం తిరిగి, మూలన పసుపు మరకతో సహా, మొదట కొన్నాయన మెడ మీదకే వచ్చి పడుతుంది. ఆయన మరక చూస్తాడు. ఏమీ ఎరగనట్టు నమస్కారం పెట్టడమే మర్యాద.

ఇక ఆవిష్కరణ. మెరుపు కాగితంలో చుట్టి రిబ్బను కట్టిన పుస్తకాల కట్ట పళ్లెంలో వస్తుంది. ముఖ్య అతిథి రిబ్బను లాగుతాడు, ముడి బిగుసుకుంటుంది. గోటితో ప్రయత్నం. కత్తెర కోసం వెతుకులాట. కళ్లద్దాలు తీసి పక్కాయనకిచ్చి, పంటితో కొరకబోయి, కెమెరా చూసి ఆగుతాడు. చివరికి వాచ్‌మన్ దగ్గర హాలు తాళంచెవి తెప్పించి కోస్తారు. అప్పుడు తెలుస్తుంది, కాగితానికి లోపల టేపు కూడా ఉందని. పుస్తకం బయటపడ్డాక పదకొండు మందీ గుండెల మీద పట్టుకుని నిలబడతారు. “సార్, తలకిందులుగా ఉంది” అంటాడు ఫొటోగ్రాఫరు. ఎవరిదో చెప్పడు. పదకొండు మందీ తిప్పుతారు. ఇప్పుడు పది తలకిందులు. “మళ్లీ సార్.” ఈలోగా వాచ్‌మన్ వెనకనుంచి నెమ్మదిగా, “ఇంకెంతమంది మాటాడాల బావూ?” అంటాడు. ఎనిమిది మంది అని చెబితే, “అలగైతే ఫ్యాన్లు ఆపీమంటారేటి?” అని ఒక ఉపాయం కూడా చెబుతాడు. దాన్ని ఆచరణలో పెట్టి ఉంటే తెలుగు సాహిత్యం బాగుపడేది. పెట్టలేదు. ఆ ముడి విప్పిన క్షణం దాకా పుస్తకాన్ని కళ్లతో చూడని ముఖ్య అతిథి, దాని లోతుల గురించి నలభై నిమిషాలు మాట్లాడతాడు.

మిగతా వక్తలు మేం చదివామంటారు. వాళ్లకి నెల కిందటే ఇంటికి కాపీ పంపారు, నిజమే. కానీ జిగురు బైండింగు పుస్తకానికో గుణం ఉంది. పూర్తిగా తెరిచి చదివితే వెన్ను మీద పొడవునా తెల్లటి గీత పడుతుంది, లామినేషన్ అట్ట మీద అయితే దాచినా దాగదు. జిగురు సరిగ్గా పట్టకపోతే మధ్య పేజీలు ఊడి చేతిలోకొస్తాయి. వక్తల కాపీలు ఒక్కసారి వరసగా నిలబెట్టి చూడండి. పెళ్లికూతురి పట్టుచీర మడతైనా అంత నలక్కుండా ఉండదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కడినుంచి నవ్వు రాదు. ఆ పుస్తకం వేసినావిడ పాతపట్నం వైపు ఏదో ఊళ్లో టీచరమ్మ. మెళ్లో గొలుసు తాకట్టు పెట్టి అయిదొందల కాపీలు వేయించింది. ఆమె మూడో కథ నిజంగా మంచి కథ. ఏడో కథ చెడిపోయింది, చెప్పాల్సిందంతా రెండో పేజీలోనే చెప్పేసి తర్వాత ఆరు పేజీలు ఉపన్యాసమిచ్చింది. పన్నెండో కథని ఎలా ముగించాలో తోచక కుర్రాణ్ణి లారీ కిందకి తోసేసింది. ఈ మూడు ముక్కలూ ఆమెతో ఒక్కరంటే ఒక్కరు అన్నారా? “అద్భుతం అమ్మా” అని పులిహోర పొట్లం పట్టుకుని వెళ్లిపోయారు. ఆమె నమ్మింది. నమ్మదా మరి? తలలు నెరిసినవాళ్లు, పేర్ల ముందు బిరుదులున్నవాళ్లు. వచ్చే పుస్తకంలో మరో ఇద్దరు కుర్రాళ్లు లారీల కింద పడతారు, ఆ హత్యలు, వక్తలారా, మీ ఖాతాలోవి. ఐదు గంటలు చదవడానికి లేని తీరిక నలభై నిమిషాలు వాగడానికి ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా? ఆ మూడో కథ పేరైనా పలకడానికి నోరు రాలేదా? ఆమె మీకు తిరిగి ముందుమాట రాసిపెట్టేంత పెద్దది కాదనేగా!

ఇదే విజయనగరంలో గురజాడ, 1892లో ఆడించి 1897లో అచ్చేసిన కన్యాశుల్కాన్ని పట్టుకుని 1909 నాటికి దాదాపు కొత్త నాటకమయ్యేంతగా తిరగరాశాడు. ‘ఏకబిగిన చదివించింది’ వాళ్ల మాట చెవికెక్కించుకుని ఉంటే మొదటి అచ్చు దగ్గరే శాలువా కప్పుకుని కూర్చునేవాడు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. బడిలో లెక్కలు చెప్పిన కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారం సొమ్ము పోసి 1997 ఫిబ్రవరి 22న తెరిచిన తెలుగు కథల గ్రంథాలయం. ఆయనా పద్దు రాశాడు. ఎవరి కథ, ఏ పత్రిక, ఏ సంచిక, ఎప్పుడు అని. పాత పత్రికల దుమ్ము దులిపి, తనని పొగిడినవాడా కాదా అని చూడకుండా తోటివాళ్ల కథలన్నీ పోగేశాడు. మన వక్తలు అక్కడికీ వెళ్తారు, ఫొటో దిగడానికి.

ఆ సాయంత్రం ఆమె పుస్తకం గురించి మాట్లాడటానికి అర నిమిషం చాలు. ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఇక్కడ అనేద్దాం. మూడో కథ, 41వ పేజీ. మొదటి పేరాలో సూర్యోదయం ఉంది, దాటెయ్యండి. రెండో పేరాలో సూరమ్మ రేషను బియ్యం చాటలో పోసుకుని రాళ్లేరుతూ ఉంటుంది. కొడుకు గుజరాత్‌లో, వీరావల్ రేవులో పడవ మీద పనికెళ్లి ఏడు నెలలైంది. ఫోను మోగుతుంది. ఎత్తదు. చాటెడు బియ్యం ఏరడం అయ్యేదాకా దానివైపు చూడదు. ఎందుకో రచయిత్రి ఎక్కడా చెప్పదు, 50వ పేజీకి మీకే తెలుస్తుంది. 48లో ఒక అధికారి వచ్చి నీతులు చెబుతాడు, అదొక్కటీ ఓర్చుకోండి. పిల్లలు వలసపోయిన ఇంట్లో ఈ కథ ఇవ్వండి, కొసమెరుపులు కావాలనేవాళ్లకి ఇవ్వకండి. పుస్తకాలు హాలు బయట బల్ల మీదున్నాయి, వెల 150, చిల్లర మీరే తెచ్చుకోండి. వెనక అట్ట మీద కూడా నూరమ్మ అనే పడింది.