పైరవీ చెల్లని శాఖ

నల్లగొండలోనూ పాలమూరులోనూ కొత్త ఇల్లు కట్టిన ప్రతివారూ హాల్లో చేపల తొట్టి పెట్టడం ఆనవాయితీగా మారిన ఈ రోజుల్లో, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఒక సంగతి మనవి చేయక తప్పదు. తొట్టికి ఈశాన్యం చూపించిన వాస్తు సిద్ధాంతికీ, గృహప్రవేశానికి లగ్నం పెట్టిన అయ్యగారికీ సంభావనలు ముట్టాయి గానీ, ఆ నీళ్లను చేపలు బతికేలా చేయవలసిన బ్యాక్టీరియాను మాత్రం ఎవరూ సంప్రదించలేదు. వాటికి పంచాంగం పట్టదు.

ఆ బ్యాక్టీరియా శాఖలో రెండు సెక్షన్లున్నాయి. చేపల విసర్జనల నుంచీ మిగిలిన మేత నుంచీ పుట్టే అమోనియాను మొదటి సెక్షన్ నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. రెండో సెక్షన్ దాన్ని నైట్రేట్‌గా మార్చి, అంతగా ప్రమాదం లేని ఆ సరుకును వారం వారం కొన్ని నీళ్లు తీసి మార్చమంటూ ఇంటి యజమానికి అప్పగిస్తుంది. మొదటి బల్ల మీది ఫైలు కదిలితే తప్ప రెండో బల్లకు పని ఉండదు కనుక, కార్యాలయం కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు వేయకుండానే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమోనియా కలిపి చూసినప్పుడు, 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగితే సిబ్బంది విధుల్లో చేరినట్టు లెక్క. ఎమ్మెల్యే గారి సిఫారసు ఉత్తరం తెచ్చినా ఈ గడువు ఒక్క పూట తగ్గదు.

2005లో ఒప్పందం కుదిరిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం నీళ్ల కోసం ఇంకా ఓపికగా ఎదురుచూస్తున్న జిల్లావాసులు, ఒక గాజు తొట్టి కోసం ఆరు వారాలు ఆగలేకపోవడం పరిశోధించదగిన విషయం. “ఏం కాదన్నా, ఇయ్యాల నీళ్లు నింపు, రేపు చేపలెయ్యి, గీ నీలం మందు రెండు చుక్కలెయ్యి” అని దుకాణదారు అభయమిస్తాడు. ఆ నీలం మందు ఆ బ్యాక్టీరియాకే హాని చేయగలదన్న సంగతి ఆయన అభయంలో చేరదు. అది చాలదన్నట్టు, శుభ్రత మీద మమకారం గల గృహస్థు ఆదివారం నాడు, ఆ సిబ్బంది కాపురముండే ఫిల్టర్ స్పాంజిని క్లోరిన్ కలిసిన నల్లా నీళ్ల కింద తెల్లబడేదాకా పిండి, మిగిలిన సిబ్బందినీ సాగనంపుతాడు.

గప్పీల వంటి చిన్న చేపలతో సరిపెట్టుకునేవారికి ఇంత ఉపన్యాసం అవసరం లేకపోవచ్చు. కానీ మనవారి మనసు ఆఫ్రికాలోని మలావి సరస్సులో ఉండే సిక్లిడ్లనే చేపల మీద పడింది. ఆ సరస్సు నీళ్లు క్షారగుణం గలవి, ఆ గుణాన్ని కొలిచే పీహెచ్ 8 అటూ ఇటూ ఉంటుంది. క్షారగుణం గల మన బోరు నీళ్లను చూసి ఈ చేపలు మన జిల్లా కోసమే పుట్టాయని మురిసిపోయేవారున్నారు. ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టవలసి వచ్చిన గడ్డ మీద, తరాల తరబడి మనుషులు తాగిన నీళ్లకు జరగని పరీక్ష ఇప్పుడు చేపల నీళ్లకు ఇంట్లోనే జరుగుతోంది. ఈ ప్రగతిని హర్షించవలసిందే. అయితే పీహెచ్ 7 దగ్గర అమోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు, 8.2 దగ్గర అది పది రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే ఆగడం అందరికన్నా ఎక్కువ అవసరమైనది ఈ చేపలు పెంచేవారికే.

పైగా వీటిని పలచగా పెంచితే కుదరదు. రాళ్ల సందుల్లో ఉండే ఎంబునా జాతుల్లో మగచేప ఒక సందును ఆక్రమించి, భూభారతిలో ఎక్కించకుండానే చుట్టుపక్కలంతా తన పట్టా భూమి అంటుంది. ఒక్కొక్క మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండేలా, తొట్టిని కాస్త కిక్కిరిసేలా నింపితేనే దాని కోపం ఒక్కదాని మీద పడకుండా అందరికీ పంపకమవుతుంది. కిక్కిరిసిన చోట అమోనియా కూడా అంతే ధారాళంగా పుడుతుంది కనుక, కుదురుకున్న పెద్ద ఫిల్టర్ లేకుండా ఈ సాహసం తగదు.

ఇన్నీ దాటి వచ్చిన ఇంట్లో, ఒకనాడు ఆడచేప దవడ కింద ఉబ్బి, మేతకు రాకుండా, నోరు మెల్లగా నములుతున్నట్టు కదుపుతూ ఒక మూల నిలబడుతుంది. అది గుడ్లను నోట్లో పెట్టుకుని మూడు వారాల పాటు పొదిగే పద్ధతి. నానమ్మ మాత్రం అద్దానికి ముఖం ఆనించి చూసి, “అయ్యో బిడ్డా, దీనికి గవదలు లేసినయ్, పసుపు పట్టియ్యుండ్రి” అని తీర్పు చెప్పేసింది.