రక్తపు మరకకన్నా ముందు కవరు చూడాలి

ఎక్కడ హత్య జరిగినా మన వార్తల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘క్లూస్ టీం ఘటనా స్థలానికి చేరుకుని ఆధారాలు సేకరించింది.’ వార్త అక్కడితో అయిపోతుంది. కానీ కేసు కోర్టులో నిలుస్తుందా, వీగిపోతుందా అన్నది చాలావరకు తేలేది ఆ రెండు మూడు గంటల్లోనే. రక్తం విషయంలో ఇది మరీ నిజం.

ముందు అది రక్తమేనా అన్నది తెలియాలి. ఎండిన రక్తం ఎర్రగా ఉండదు. గాలి సోకి హిమోగ్లోబిన్ మారేకొద్దీ మరక ముదురు గోధుమ రంగుకు, ఆ తర్వాత దాదాపు నలుపుకు తిరుగుతుంది. గోడ మీద పాత కిళ్లీ ఉమ్మి, తలుపు గొళ్లెం మీద తుప్పు కూడా అలాగే కనిపిస్తాయి. అందుకే పని ఒక దూది పుల్లతో మొదలవుతుంది. మరకను అద్దిన పుల్ల మీద ఒక చుక్క ఆల్కహాల్, ఒక చుక్క ఫినాఫ్తలీన్ ద్రావణం, చివరగా ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తారు. రక్తమైతే క్షణాల్లో గులాబీ రంగు వచ్చేస్తుంది. పెరాక్సైడ్ వెయ్యకముందే రంగు తిరిగితే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. పైగా రాగి చెంబుకు పట్టిన చిలుము, కొన్ని కూరగాయల రసం కూడా ఇదే రంగు తెప్పించగలవు. కాబట్టి గులాబీ రంగుకు అర్థం ‘రక్తం కావచ్చు’ అని మాత్రమే. ‘రక్తమే’ అని రాసేస్తే తప్పు.

నేల కడిగేసిన ఇంట్లో, రక్తం తగిలితే వెలిగే లూమినాల్ అనే రసాయనం వాడతారు. కిటికీలు మూసి, లైట్లు ఆర్పి చల్లితే, కంటికి ఏమీ కనిపించని టైల్స్ సందుల్లోంచి నీలి వెలుగు వస్తుంది. అర నిమిషం ఉండి మసకబారిపోతుంది, ఆలోపే ఫొటో తియ్యాలి. అయితే బ్లీచింగ్‌తో కడిగిన నేల కూడా వెలుగుతుంది. ద్రావణం పడితే మరక కారిపోతుంది, పలచబడుతుంది. అందుకే దీన్ని చివర్లో వాడాలి.

తర్వాతి ప్రశ్న, అది మనిషి రక్తమా, మేకదా, కోడిదా అని. దీన్ని తేల్చే పద్ధతిని జర్మనీకి చెందిన పాల్ ఉలెన్‌హూత్ 1901లోనే చూపించాడు. ఎవరిది అన్నది చెప్పేది డీఎన్‌ఏ. మనిషి ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి, ఆ డీఎన్‌ఏ వచ్చేది తెల్ల రక్తకణాల నుంచి. డీఎన్‌ఏతో మనిషిని గుర్తించే ఈ విద్యను మన దేశంలో సొంతంగా నిలబెట్టింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పనిచేసిన లాల్జీ సింగ్. ఇంత పేరున్న ఊరి చుట్టుపక్కల కూడా రక్తపు సాక్ష్యం పాడవుతోందంటే ఆ లోపం సైన్స్‌ది కాదు.

నా ఉద్దేశంలో అసలు గొడవ కవరు దగ్గరే వస్తోంది. తడి చొక్కాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడి వేస్తే, తడి చెంచా పడిన ఆవకాయలా అయిపోతుంది. మన ఎండలకు, ఉక్కపోతకు లోపల బూజు పట్టి, బాక్టీరియా డీఎన్‌ఏను తినేస్తుంది. చొక్కాను నీడన ఆరబెట్టాలి. మరక ఉన్న చోట మడత పడకుండా కాగితం అడ్డం పెట్టి, కాగితం కవర్లోనే వెయ్యాలి. కత్తికి వేరే కవరు, లుంగీకి వేరే కవరు. అన్నీ ఒకే మూటలో కడితే ఒకదాని రక్తం ఇంకొకదానికి అంటుకుంటుంది. అప్పుడు ముద్దాయి బట్టల మీద మృతుడి రక్తం ఎలా వచ్చిందని డిఫెన్స్ లాయర్ అడిగితే, జవాబు చెప్పడం కష్టం. ఇక ల్యాబ్ నుంచి ‘రక్తం క్షీణించింది, ఎవరిదో చెప్పలేం’ అని రిపోర్టు వస్తే ఆ పేజీతో కోర్టు ఏం చేసుకుంటుంది?

1987లో ఒడిశాకు చెందిన కంసా బెహెరా కేసులో సుప్రీంకోర్టు ముందు ఇలాంటి సమస్యే వచ్చింది. బట్టల మీద ఉన్నది మనిషి రక్తమేనని తేలింది, గ్రూపు మాత్రం తేలలేదు. పల్లెటూళ్లో బతికే మనిషి బట్టల మీద కొన్ని చిన్న మరకలుంటే అవి అతని సొంత రక్తమే కావచ్చని కోర్టు అంది. పొలం పనుల్లో కాళ్లూ చేతులూ గీరుకుపోయే మనుషులను చూసినవాళ్లెవరికైనా ఆ మాట ఎంత నిజమో తెలుసు. ఒక యువతిపై అత్యాచారం చేసి చంపిన ఢిల్లీ ఛావ్లా కేసులో 2022లో, ఉరిశిక్ష పడిన ముగ్గురినీ సుప్రీంకోర్టు విడుదల చేసింది. 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసుకున్న నమూనాలు 27 వరకు పోలీసు మాల్ఖానాలోనే (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గదిలోనే) ఉండిపోవడం ఆ తీర్పులో ముఖ్యమైన అంశం. కూతురిని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులకు ఇన్నేళ్ల తర్వాత ఈ వివరణ ఏం ఓదార్పునిస్తుంది!

రక్తం చిందిన తీరును బట్టి కథ చెప్పే విద్య మీద నాకు ఇంకా ఎక్కువ భయం. ఏటవాలుగా పడిన చుక్క కోలగా మారుతుంది. దాని వెడల్పును పొడవుతో భాగిస్తే ఏ కోణంలో పడిందో లెక్క కట్టొచ్చు, అంతవరకు గణితమే. దాని మీద ‘కాల్చింది ఇతనే’ అని కట్టే కథ వేరు. అమెరికాలోని ఇండియానాలో ఒక మాజీ పోలీసు, టీషర్టు మీది ఎనిమిది చిన్న చుక్కల ఆధారంగా భార్యాబిడ్డల హత్య కేసులో రెండుసార్లు దోషి అయ్యాడు. ఆ చుక్కలు కాల్పుల్లో చిందినవని ఒక నిపుణుడు, బిడ్డను ఎత్తుకున్నప్పుడు అంటినవని ఇంకో నిపుణుడు చెప్పారు. చివరికి 2013లో అతను నిర్దోషిగా బయటకు వచ్చాడు. ఈ విశ్లేషణలో అనిశ్చితి చాలా ఎక్కువని అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక 2009లోనే హెచ్చరించింది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 176(3) ప్రకారం, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలి, వీడియో తియ్యాలి. దీన్ని అమలు చెయ్యడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. మంచి చట్టమే. కానీ జిల్లా కేంద్రం నుంచి వ్యాను మండలం చేరేలోపు ఆ గుమ్మంలో నిలబడేది స్థానిక కానిస్టేబులే. ఏడుస్తూ బంధువులు లోపలికి వస్తుంటారు, ఎవరో జాలితో బకెట్ నీళ్లు తెచ్చి నేల కడగబోతారు. ఆ టెన్షన్‌లో వాళ్లను ఆపాల్సింది అతనే. కొత్త యంత్రాలు కొనేముందు ప్రతి స్టేషన్‌కూ గ్లౌజులు, దూది పుల్లలు, కాగితం కవర్లు, బట్టలు ఆరబెట్టడానికి తాళం వేసే ఒక చిన్న గది, నమూనాల కోసం ఒక ఫ్రిజ్ ఇవ్వాలి. వాటిని ఎలా వాడాలో ఆ కానిస్టేబుల్‌కు రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పించాలి.