మోకాలి గుజ్జు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మోకాలి గుజ్జు గారికి నమస్కరించి వ్రాయునది. ఇద్దరిలో ఒక్కరికీ కుశలం లేకపోయినా ఆనవాయితీ తప్పలేక ఉభయకుశలోపరి అంటున్నాను.

అరవై దాటినవారున్న ఏ ఇంట్లోనూ ఇవాళ తమరి పేరు తలవకుండా పొద్దు గడవడం లేదు. కుర్చీలోంచి లేస్తూ చేతులు ఆనించానంటే చాలు, చూసినవారు "గుజ్జు అరిగిపోయినట్టుంది" అని తీర్పు చెప్పేస్తారు. తమరేమో ఎవరి కంటా పడరు. ఎక్స్‌రేలోనైనా కనిపించేది పై ఎముకకూ కింది ఎముకకూ మధ్యనున్న సందే తప్ప తమరు కారు. డాక్టరుగారు ఆ ఫిల్మును లైటుకు ఎదురుగా పట్టి, పెన్ను మొనతో సన్నని సందును చూపించి "ఇక్కడ గుజ్జు లేదండీ" అన్నప్పుడు, కనిపించకుండానే ఇంతటి పలుకుబడి దేవుడి తరువాత తమకే చెల్లిందనిపించింది.

తమరి పునరాగమనానికి మా ఇంట జరుగుతున్న ఏర్పాట్లు విన్నవించడం నా విధి. మా వదినగారు బెండకాయలు తరిగి రాత్రంతా గ్లాసుడు నీళ్ళలో నానబెట్టి, తెల్లవారి తీగలు సాగే ఆ నీటిని నా చేత తాగిస్తున్నారు. బెండకాయలోనూ జిగురే, మోకాలిలోనూ జిగురే కనుక ఇది వెళ్ళి అక్కడ చేరుతుందని ఆవిడ సిద్ధాంతం. మా బావమరిది ఆదివారం పూట మేక కాళ్ళు కాల్పించి తెచ్చి పాయా కాయిస్తాడు. పాపం ఆ మేక కాళ్ళు ధారపోసింది గాని, ఆ సారమంతా పప్పూ గుడ్డూ అరిగినట్టే పొట్టలో అరిగిపోతున్నది తప్ప మోకాలి చిరునామా అడగడం లేదు. గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమైన్ మాత్రలనూ, కీలులోకి ఎక్కించే హయలురోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్‌నూ ఈ జబ్బుకు ఇవ్వవద్దని బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ వైద్యం చేయాలో సూచించే నైస్ సంస్థ 2022లో వైద్యులకు చెప్పింది. మా వదినగారికి ఆ సంస్థ మీద నమ్మకం లేదు.

అసలు తమరికి నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. నరాలు లేనివారు నొప్పి పెట్టలేరు. అది పుట్టేది తమరి కిందనున్న ఎముకలో, కీలు చుట్టూ ఉన్న పొరలో. రక్తం అందనివారు అరిగాక మళ్ళీ పెరగడమూ దాదాపు కల్ల. అంటే, చేయని నేరాన్ని తమరి మీద మోపి, చేయలేని మేలును తమరి నుంచే కోరుతున్నామన్నమాట. పైగా, అడుగు వేసినప్పుడు నొక్కుకొని, ఎత్తినప్పుడు వదులై, కీలులోని ద్రవం నుంచే తమరు పోషణ అందుకుంటారట. "నడవకు, కదలకు" అంటూ మా బంధువర్గం నాకు విధించిన విశ్రాంతి ఆ లెక్కన తమరి చేత నిరాహారదీక్ష చేయించడమే.

ఆ విశ్రాంతిలో తొడ ముందు కండరం కూడా చిక్కిపోయింది. కీలును కాయవలసిన ఉద్యోగి నిజానికి అతడు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, పది లెక్కపెట్టి, మెల్లగా దించమనీ, మంచం మీద మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అదిమి పట్టమనీ, మొదట్లో కాస్త నొప్పి పెరిగినా మానవద్దనీ ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. పైసా ఖర్చు లేనందువల్ల కాబోలు, దీనికి మా ఇంట్లో వైద్యమన్న గౌరవం దక్కలేదు. నొప్పి మాత్ర అడిగితే డాక్టరుగారు నా బీపీనీ కిడ్నీలనూ తలచుకొని ముందు డైక్లోఫెనాక్ పూతమందు వ్రాశారు. ఒంట్లో కిలో బరువు తగ్గితే అడుగడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచినవారున్నారు గాని, ఆ మాట పెళ్ళిపంక్తిలో ఎత్తదగినది కాదు.

ఇక ఆపరేషన్. వాజపేయి గారు ప్రధానిగా ఉండగా 2000లో ఒక మోకాలు, 2001లో రెండోది మార్పించుకున్నారు. 2017 ఆగస్టులో కేంద్రం ఈ కృత్రిమ కీళ్ళ ధరకు కళ్ళెం వేసి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం లోహపు కీలుకు పన్ను కాక 54,720 రూపాయలు మించరాదన్నది. వ్యాయామానికీ మందుకూ లొంగక రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పికి ఆపరేషన్ మంచి దారే. అయితే కొత్త కీలు పెట్టించుకున్నవారిని ఒకటి రెండు రోజుల్లోనే లేపి నిలబెట్టి, కాలు చాపి పది లెక్కపెట్టమంటారు. అక్కడా ఆ తొడ కండరమే దిక్కు.

కాబట్టి తమరు దయచేసి, ఇక తిరిగి వచ్చే ఉద్దేశం లేదని మా వదినగారి పేర ఒక్క ముక్క వ్రాసి పంపితే, రేపటి నుంచి ఆ బెండకాయలను వేపుడుకు మళ్ళించుకుంటాం.

చిత్తగించవలెను.