జర్మన్ కోసం తెలుగును మరచిపోవాలా?

‘రోజుకు 30 మాటలు కంఠస్థం చేయండి. తప్పు రాదని నమ్మకం కుదిరేదాకా నోరు విప్పకండి. తెలుగును పూర్తిగా మరచిపోండి. 90 రోజుల్లో జర్మన్ మీ సొంతం.’ కడపలో డిగ్రీ పిల్లల ఫోన్లలో తెగ తిరుగుతున్న సందేశమిది. సాయంత్రాలు నా దగ్గర జర్మన్ నేర్చుకునే పిల్లలు కూడా దీన్ని వేదవాక్కులా పట్టుకున్నారు. ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు కంఠస్థం సంగతి. 30 చొప్పున 90 రోజులకు 2,700 మాటలు, లెక్క బాగానే ఉంది. కానీ తిరిగి చూడని మాట ఎంత త్వరగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే పరీక్షించుకుని 1885లోనే ప్రకటించాడు. పది మాటలే నేర్చుకుని మర్నాడూ, మూడోనాడూ, వారం తరువాతా తిరగేయడం మేలు. పైగా జర్మన్‌లో నామవాచకాన్ని లింగంతో కలిపి పట్టుకోవాలి. చెంచా పుంలింగం: డేర్ లేఫెల్. ఫోర్కు స్త్రీలింగం: డీ గాబెల్. కత్తి నపుంసకం: డాస్ మెస్సర్. మనకు మూడూ ‘అది’ మాత్రమే. ముందున్న ఆ చిన్న మాటను వదిలేసి బట్టీ పడితే, రేపు అన్నిటినీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.

నోరు విప్పవద్దనడం మరీ అన్యాయం. భాష నేర్చుకునేవారి పద్ధతులను పరిశోధకురాలు రెబెకా ఆక్స్‌ఫర్డ్ 1990లో ఆరు వర్గాలు చేశారు. జ్ఞాపకం వాటిలో ఒకటి మాత్రమే. తెలియని మాటను మరో దారిలో చెప్పడం ఇంకో వర్గంలోది. చెంచాకు మాట గుర్తు రాకపోతే ‘సూప్ తాగడానికి వాడేది’ అనగలిగిన పిల్లవాడు ఎక్కడా ఆగిపోడు. మౌనంగా కూర్చుంటే ఆ నేర్పు రాదు.

90 రోజులా? భాష ఎంత వచ్చిందో కొలిచే యూరప్ పద్ధతిలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లున్నాయి. గట్టిగా చదివితే మూడు నెలల్లో మొదటిది దాటవచ్చు. జర్మనీలో నర్సుగా గుర్తింపుకు సాధారణంగా బీ2 అడుగుతారు, అంటే నాలుగో మెట్టు. ఈ మాట దాచి ఆశ పెట్టడం అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ద్రోహం.

ఇక తెలుగును మరచిపోవడం. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. మొన్న ఒక అమ్మాయి ‘ఇష్ బిన్ కాల్ట్’ అని రాసింది. ‘ఐ యామ్ కోల్డ్’ అనే ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట దించడం వల్ల వచ్చిన తప్పు. తనకు చలిగా ఉందని చెప్పబోయి, తాను కరుణలేని మనిషినని చెప్పుకుంది. ‘తెలుగులో ఏమంటావమ్మా?’ అని అడిగాను. ‘నాకు చలిగా ఉంది’ అంది. జర్మన్‌లోనూ అంతే: మీర్ ఇస్ట్ కాల్ట్. మీర్ అంటే ‘నాకు’. ఇంకా చూడండి: వైల్ మీర్ కాల్ట్ ఇస్ట్. ‘నాకు చలిగా ఉంది కాబట్టి’. మన ‘కాబట్టి’ ఒక్కటి ముందుకు వెళ్లింది, మిగతా వరుస మనదే, క్రియ చివరనే ఉంది. ఇంత దగ్గరి దారిని మూసేయమంటారా?

ఈ ఊళ్లోనే 1820లో బ్రౌన్ దొర అడుగుపెట్టాడు. పండితులను పక్కన కూర్చోబెట్టుకుని మన భాషతో కుస్తీ పట్టాడు. తన ఇంగ్లీషును మరచిపోయి కాదు. ప్రతి తెలుగు మాటకూ అందులో సాటి వెతికాడు. 1852 నాటి ఆయన నిఘంటువు నిండా ఆ వెతుకులాటే.

ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతి జర్మన్ వాక్యం కిందా తెలుగు వాక్యం రాసి, ‘కు’ వచ్చినచోటల్లా ఎర్ర పెన్నుతో గీత గీస్తోంది.