ఆటల పీరియడ్ అంటే కడుపునొప్పి

పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయి ఒళ్లు వంచడం లేదని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. సగం నిజమే. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏడో తరగతి దాకా వీధిలో ఖోఖో ఆడిన పిల్ల, ఇప్పుడు ఆటల పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటుంది. మెల్లగా అడిగితే తేలింది, పరుగులో చివర వచ్చిందని పీఈటీ సారు అందరి ముందూ "బియ్యం బస్తా" అన్నారట. ఇక ఫోన్ లాక్కుని ఏం లాభం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలంటుంది. ఆ సంస్థ 2019లో బయటపెట్టిన లెక్కల్లో, ప్రపంచం మొత్తమ్మీద 11-17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి అంత లేదు. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. ఈ తేడా ఫోన్ వల్లే వచ్చిందంటే నేను నమ్మను. నెలసరి రోజుల టెన్షన్, మాటిమాటికీ చున్నీ సర్దుకోవడం, గ్రౌండ్ నిండా అబ్బాయిల క్రికెట్.

మేం చేసింది చిన్న పనే. చీకటి పడ్డాక డాబా మీద నేనూ మా అమ్మాయీ స్కిప్పింగ్ చేస్తాం. మొదటి రోజు నేను పదికే ఆగిపోతే అది పడీపడీ నవ్వింది. అక్కడ చూసేవాళ్లు లేరు, మార్కులేసేవాళ్లూ లేరు. రెండు నెలలకు తనే పక్కింటి పిల్లని పిలుచుకొచ్చింది. స్కూల్లో మాత్రం ఇంకా పరుగెత్తడం లేదు. నేనూ అడగడం లేదు.